క్వాంటమ్ కంప్యూటర్‌పై ప్రోగ్రాముల అమలు విధానాలు: ఒక చారిత్రక పరిశీలన

కంప్యూటర్లు ఖరీదైనవి, వినియోగదారులు అనేకులు అయిన ప్రతి సందర్భంలోనూ ఒకే ప్రశ్న తలెత్తింది: యంత్రం సమయం విలువైనదా, మనిషి సమయమా? 1956లో జనరల్ మోటార్స్, నార్త్ అమెరికన్ ఏవియేషన్ సంస్థలు ఐబీఎం 704 కోసం రూపొందించిన వ్యవస్థ మొదటి పక్షం వహించింది. ప్రోగ్రాములను వరుసగా పేర్చి, ఒకటి ముగియగానే మరొకటి నడపడం దాని పద్ధతి. 1961లో ఎం.ఐ.టి.లో ఫెర్నాండో కొర్బాటో బృందం ప్రదర్శించిన కాలవిభజన వ్యవస్థ రెండవ పక్షం వహించింది. పలువురు ఏకకాలంలో ఒకే యంత్రాన్ని వాడుకోగలిగారు.

నడుస్తున్న ప్రోగ్రాము స్థితిని భద్రపరచి, తిరిగి అక్కడి నుంచే కొనసాగించగలగడం కాలవిభజనకు ఆధారం. నేటి అతివాహక క్వాంటమ్ యంత్రాలలో ఆ ఆధారం లేదు. తెలియని క్వాంటమ్ స్థితికి నకలు తీయడం అసాధ్యమని 1982లోనే నిరూపితమైంది. పైగా క్యూబిట్ల స్థితి సెకనులో అత్యల్ప భాగంలోనే చెదిరిపోతుంది. కాబట్టి ప్రారంభమైన సర్క్యూట్ మధ్యలో ఆగకుండా పూర్తి కావాలి. యంత్రాన్ని పంచుకోవడం ఒక సర్క్యూట్‌కూ మరొకదానికీ మధ్యనే సాధ్యం.

2016 మేలో ఐబీఎం 5 క్యూబిట్ల యంత్రాన్ని క్లౌడ్ ద్వారా అందుబాటులోకి తెచ్చినప్పుడు ప్రయోగాలు వరుసలో వేచి నడిచేవి. విడి ప్రయోగాలకు ఆ పద్ధతి సరిపోయింది. అయితే 2014లో ప్రతిపాదితమైన వేరియేషనల్ పద్ధతిలో సాధారణ కంప్యూటర్ ప్రతి ఫలితాన్నీ చూసి, విలువలను సవరించి, సర్క్యూట్‌ను మళ్లీ పంపాలి. ప్రతి ఆవృత్తికీ వరుస చివరకు వెళ్లవలసి వస్తే జాప్యం పెరుగుతుంది. ఆలోగా యంత్రం స్థితి కూడా మారవచ్చు. సాధారణ గణనను క్వాంటమ్ యంత్రానికి చేరువ చేసిన కిస్కిట్ రన్‌టైమ్‌తో, 45 రోజులు పట్టిన లిథియం హైడ్రైడ్ గణన 9 గంటల్లో ముగిసిందని 2021లో ఐబీఎం ప్రకటించింది. ఇతర మెరుగుదలలూ అందుకు తోడ్పడ్డాయి.

ఈ క్రమంలోనే నేటి మూడు విధానాలు స్థిరపడ్డాయి. ఒంటరి పనికి జాబ్ విధానం చాలు. పరస్పరం ఆధారపడని అనేక పనులకు బ్యాచ్ అనుకూలం. ఒక ఫలితంపై మరొకటి ఆధారపడే పనులకు సెషన్ తగినది. సెషన్ కొనసాగినంతసేపు యంత్రం ఒకరికే కేటాయించబడుతుంది. ఖాళీగా ఉన్న సమయమూ లెక్కలోకి వస్తుంది.

ఈ ఎంపిక అందరికీ సమానంగా లేదు. ఐబీఎం ఉచిత పథకం 28 రోజులకు 10 నిమిషాల యంత్ర సమయమిస్తుంది, సెషన్‌ను అనుమతించదు. అంటే పునరావృత గణనలు అత్యవసరమైన పరిశోధక విద్యార్థికే వాటికి తగిన విధానం అందుబాటులో లేదు. అమరావతిలో 156 క్యూబిట్ల ప్రాసెసర్‌తో ఐబీఎం యంత్రాన్ని నెలకొల్పే ప్రణాళిక 2025 మేలో వెలువడిన దృష్ట్యా, ఈ చరిత్ర తెలుగు విశ్వవిద్యాలయాలకూ ప్రాసంగికమే. క్యూబిట్ల సంఖ్యతో పాటు, సెషన్ ఎవరికి, ఎంతసేపు లభిస్తుందన్న నియమం కూడా అక్కడ జరగగల పరిశోధన స్వభావాన్ని నిర్ణయిస్తుంది.