కొండ వాలు, కృష్ణానగర్: సినిమా పేటల నిర్మాణంలో నివాసం, వాననీరు

హైదరాబాదులో తెలుగు సినిమా స్థిరపడిన తీరును స్టూడియోల వరుసలో చెప్పడం పరిపాటి: అమీర్‌పేట సారథి, 1976లో అన్నపూర్ణ, ఆ తరువాత పద్మాలయ, రామానాయుడు. ఇళ్ల వైపు నుంచి చూస్తే మాత్రం ఈ చరిత్రను నడిపింది సహకార గృహనిర్మాణ సంఘం. 1960లలో చల్లగళ్ల నరసింహం చొరవతో ఏర్పడిన సంఘం దాదాపు 1,400 ఎకరాల రాళ్లగుట్టలను ప్లాట్లు చేసి జూబ్లీహిల్స్‌ను నిలబెట్టింది. ఫిల్మ్‌నగర్‌దీ అదే దారి. లైట్‌మెన్, జూనియర్ ఆర్టిస్టులు, మేకప్, కాస్ట్యూమ్స్ సిబ్బంది కొండ దిగువన కృష్ణానగర్ అద్దె గదుల్లో చేరారు. తెల్లవారకముందే షూటింగ్ బండి అందుకోవాల్సిన వాళ్లకు అంతకంటే అనువైన చోటు లేదు.

సహకార సంఘాన్ని కార్మికుడి చేతికి తేవడమే ఈ పరిశ్రమ చేసిన అసలైన కొత్త ప్రయోగమని నా అభిప్రాయం. వైద్యుడు, నటుడు ఎం. ప్రభాకర్ రెడ్డి పూనికతో రూపుదిద్దుకుని, ఆయన పేరే పెట్టుకున్న చిత్రపురి కాలనీ మణికొండలో 67 ఎకరాల్లో ఉంది. రోజు కూలీ మీద బతికే మనిషి సొంత ఫ్లాటుకు యజమాని కావడం చిన్న విషయం కాదు. కానీ ఆ హక్కు సభ్యత్వం ఉన్నవారిది. ఊరి నుంచి నిన్న దిగి, యూనియన్ కార్డు కోసం తిరుగుతున్న కుర్రాడికి ఇప్పటికీ కృష్ణానగరే గతి.

ఆ కృష్ణానగర్‌కు వానాకాలం వస్తే కొండ మీది నీరంతా దిగుతుంది. బండరాళ్ల సందుల్లో, గుట్టల మధ్య పల్లాల్లో నిలిచి మెల్లగా ఇంకే నీరు, రాళ్లను పేల్చి కాంక్రీటు పరిచాక ఒక్కసారిగా వాలు వెంట పరుగెడుతుంది. గట్టి వాన కురిస్తే సందుల్లో బైకులు కొట్టుకుపోతాయి, కింది గదుల్లోకి మురుగు చేరుతుంది. ఆ నష్టం మోసేది అద్దెకున్నవాళ్లు. 1998లో జాతీయ ఉద్యానంగా ప్రకటించిన కేబీఆర్ పార్కు, సుమారు 390 ఎకరాలు, ఈ కొండల పాత నేల తీరును కొంతైనా నిలిపింది. రాతి అమరికలను వారసత్వ జాబితాలో చేర్చి కాపాడిన హుడా (హైదరాబాదు పట్టణాభివృద్ధి సంస్థ) 13వ నిబంధన మాత్రం 2015లో రద్దయింది. 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం (వాల్టా) వాననీటిని ఒడిసిపట్టమంటోంది. అయితే గట్టి గ్రానైటు మీద ఇంకుడు గుంత ఒక్కటే చాలదు, నీటిని కాసేపు నిలిపే తొట్లు, ఖాళీ నేల కూడా కావాలి.

అందుకే పర్యావరణం, సామాజిక న్యాయం ఇక్కడ రెండు వేర్వేరు పద్దులు కావు. కొండ మీద ఇచ్చే ప్రతి నిర్మాణ అనుమతిలోనూ ఆ స్థలం నుంచి దిగే నీటి లెక్క ఉండాలి. ఆ లెక్కను కృష్ణానగర్ నాలా మోయగల నీటితో సరిచూడాలి. చిత్రపురి వంటి సంఘాలు సొంత ఫ్లాట్లతో ఆగకుండా, కార్డు లేని కొత్తవారికి తక్కువ అద్దె గదులు స్టూడియోలకు దగ్గరలో కట్టించే పని చేపట్టాలి. ఇందుకు కావలసిన సహకార అనుభవం ఈ పరిశ్రమకు ఉంది.