పసిబిడ్డల తలనీరు: వైద్యుడు ముందుగా నేమి చెప్పగలడు?



పుట్టిన కొలది మాసములకే బిడ్డ తల మితిమీరి పెరుగుట, మాడు బిగిసి యుబ్బుట, నుదుటి నరములు తేలుట, కంటిపాపలు క్రిందికి వాలుట మీలో కొందరు చూచియే యుందురు. మెదడులోని గదులలో నీరు నిలుచుటయే దీనికి కారణము. వైద్యులు దీనిని హైడ్రోకెఫలస్ అందురు. ఆ నీరు ఆరోగ్యవంతులకును దినదినము ఊరుచు, ఇంకుచు నుండును. దారి మూసికొనినచో తూము పూడిన చెరువువలె గదులు నిండి మెదడును ఒత్తును. శస్త్రము చేయించినచో బిడ్డ దక్కునా యని తల్లిదండ్రులడుగుదురు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పుట వైద్యులెట్లు నేర్చిరో అదియే నేను నేడు చెప్పదలచిన చరిత్ర.

నీరు మెదడు లోపలి గదులలోనే చేరునని 16వ శతాబ్దమున వెసేలియసు స్పష్టముగ వ్రాసెను. కాని చికిత్సకు మూడు వందల యేండ్లకు పైగా పట్టినది. 1918లో బాల్టిమోరు వైద్యుడు డాండీ, నీటినూరించు రక్తనాళముల కుచ్చునే కోసి తీసివేయజూచెను. ఆ బిడ్డలలో పెక్కురు దక్కలేదు. 1923లో బోస్టను నగరమున మిక్స్టరు అనునతడు, మూత్రమార్గమును పరీక్షించు దుర్భిణిని తొమ్మిది మాసముల బిడ్డ మెదడులోనికి పంపి, మూడవ గది యడుగున రంధ్రము చేసి నీటికి దారి కల్పించెను. 1949లో ఫిలడెల్ఫియా వైద్యులు నల్సెను, స్పిట్జులు మెదడునుండి రక్తనాళములోనికి కవాటముగల గొట్టమును అమర్చిరి. 1955లో హోల్టరు అను పనిముట్ల నిపుణునకు ఈ జబ్బుతోనే కుమారుడు పుట్టెను. వైద్యుడు కానివాడయ్యు, బిడ్డకొరకు అతడు సిలికోనుతో మేలైన కవాటమును చేసెను. తండ్రి ప్రేమ చేయించిన పని యది. నాటినుండి వేలకొలది బిడ్డలు బ్రతికిరి.

అయినను శస్త్రము మేలు చేసెనని చెప్పవలెనన్న, చేయనిచో నేమగునో ముందు తెలియవలదా? ఈ మాట పలువురు మరచిరి. లారెన్సు, కోట్సు అను ఇరువురు ఆంగ్లదేశమున శస్త్రము పొందని 182 మంది రోగులను వెదకి, 1962లో లెక్క ప్రకటించిరి. 89 మంది మరణించి యుండిరి. 81 మందికి జబ్బు తనంతట తానే నిలిచిపోయెను. నా దృష్టిలో కొత్త కవాటములన్నిటికంటె ఈ లెక్క గొప్పది. దానితర్వాత ఏ శస్త్రవైద్యుడును బ్రతికిన ప్రతి బిడ్డను తన ఖాతాలో వ్రాసికొనుటకు వీలు లేకపోయెను.

గొట్టమునకును ఒక లోపము కలదు. అమర్చిన మొదటి యేటనే నూటికి సుమారు 40 గొట్టములు చెడును. పట్టణమున నున్నవారు వెంటనే ఆసుపత్రికి పరుగెత్తగలరు. దూరపు పల్లెలవా రేమి చేయుదురు? తూర్పు ఆఫ్రికాలోని ఉగాండా దేశమున, మబాలె పట్టణమునందు, వార్ఫు అను అమెరికా వైద్యున కీ ప్రశ్న ఎదురయ్యెను. అచటి రోగులలో సగమునకు పైగా పసితనమున మెదడుకు సోకిన అంటురోగమువలన జబ్బు పడినవారే. అతడు మిక్స్టరు రంధ్రమును, డాండీ తలపును జతపరచెను. రంధ్రము చేయుటయేగాక, నీటి కుచ్చును కోయక కాల్చెను. ఏడాది లోపు బిడ్డలలో రంధ్రము మాత్రమే చేసినప్పుడు నూటికి 47 మందికి, రెండును చేసినప్పుడు 66 మందికి ఫలించినదని 2005లో ప్రకటించెను.

కాని ఈ బిడ్డకు ఫలించునా? దానికి టొరంటో వైద్యుడు కులకర్ణియు, అతని సహచరులును 2009లో ఒక మార్కుల పద్ధతి నేర్పరచిరి. అది రంధ్రమొక్కటే చేయు శస్త్రమునకు సంబంధించినది. వయస్సు, జబ్బునకు మూలము, ముందు గొట్టము వేసినది లేనిది, ఈ మూడే యడుగుదురు. నెల నిండని బిడ్డకు వయస్సున సున్న. అంటురోగము మూలమైనచో సున్న. గొట్టము వేయనందుకు 10. అనగా ఆరు మాసములవరకు ఆ శస్త్రము నిలుచుట నూటికి పదిపాళ్లు మాత్రమే. రెండేండ్ల బిడ్డకు నీటిదారి ఇరుకగుటచే జబ్బు వచ్చినచో 40, 30, 10 కలిపి 80. శస్త్ర మొక్కటే, చేయు చేయియు నొక్కటే. ఆశ మాత్రము ఎనిమిదింతలు.

ఈ మార్కులు దారి నిలుచునా యను ప్రశ్నకే జవాబు. బిడ్డ తోటివారివలె మాటాడునా, తెలివి పెరుగునా అనునది వేరు ప్రశ్న. మబాలెలో ఆరు మాసముల లోపు వయస్సుగల 100 మంది బిడ్డలలో 51 మందికి రంధ్రమును కాల్చుటయు, 49 మందికి గొట్టమును చీటివేసినట్లు నిర్ణయించి చేసిరి. 2017లో ఫలితము వెలువడెను. ఏడాది గడచిన పిమ్మట రెండు తెగల బిడ్డలకును బుద్ధివికాసమునందు చెప్పదగిన భేదము కనబడలేదు. కావున గొట్టము వేయనంతమాత్రమున బిడ్డ తెలివికి నష్టము కనబడలేదని అచటి వైద్యుడు తల్లికి చెప్పగలుగుచున్నాడు. గొట్టము పూడిన రాత్రి బిడ్డను భుజమున వేసికొని ఆసుపత్రికి ఎట్లు చేరుదునాయను దిగులు ఆమెకు కొంత తగ్గినది.