నెట్‌వర్క్ బ్లాక్ నిల్వ: క్లయింట్ వేగం

అనేక సర్వర్లలోని డిస్కులను కలిపి, వాడే యంత్రానికి (క్లయింట్) ఒకే డిస్కులా చూపే ఏర్పాటు ఇది. 2022 నవంబరులో హైదరాబాద్‌లో మొదలైన అమెజాన్ వెబ్ సర్వీసెస్ రీజియన్‌లోని ఈబీఎస్, ఓపెన్ సోర్స్‌లో సెఫ్ ఆర్‌బీడీ ఈ కోవవి.

క్లయింట్‌కు మొదటి అడ్డు దూరం. ఫైబర్‌లో కాంతి సెకండుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. ఉదాహరణకు, వర్ధన్నపేట ఊరి నుంచి హైదరాబాద్ తిన్నగా కొలిచినా 100 కిలోమీటర్లు దాటుతుంది. పోయి రావడానికే 1 మిల్లీసెకండు పైన. వర్ధన్నపేటలోని కంప్యూటర్ 4 కేబీ ముక్క రాసి, జవాబు వచ్చాకే ఇంకోటి రాస్తే సెకండుకు వెయ్యి ముక్కలు కూడా దాటవు. అంటే 4 ఎంబీ లోపే. లైను ఎంత పెద్దదైనా అంతే! ఒకేసారి 32 ముక్కలు పంపితే ఆ హద్దు 32 రెట్లు పెరుగుతుంది. అంతకన్నా మేలు, లెక్క చేసే యంత్రాన్నే నిల్వ పక్కకు చేర్చి, ఊరికి తెర మాత్రం పంపడం.

రెండో సంగతి క్యాష్. రాతలను క్లయింట్ మెమరీలో పట్టి, కలిపి పంపితే పని చురుగ్గా సాగుతుంది. కరెంటు పోతే మాత్రం మెమరీలోవి గల్లంతే. అందుకే డేటాబేస్ ఫ్లష్ అడిగితే, రాత చెదరని చోటికి చేరాకే సరే అనాలి. ఇక్కడ రాజీ పడకూడదు. 2021 నాటి సెఫ్ పసిఫిక్ విడుదలలో క్లయింట్ ఎస్‌ఎస్‌డీలోనే రాతలను నిలిపే క్యాష్ వచ్చింది. అయితే ఆ యంత్రమే పాడైతే నిల్వలో పాత ప్రతే మిగులుతుంది.

మూడో సంగతి, సెఫ్ క్లయింట్ ఏ డిస్కును అడగాలో క్రష్ అనే లెక్కతో తానే తేల్చుకుంటుంది. మధ్యవర్తి సర్వర్ దగ్గర వరుస కట్టక్కర్లేదు.