పటంలో దొరకని వారసత్వం: వెస్ట్ నుంచి ఆస్పరి దాకా

2013 ఏప్రిల్ 15న బోస్టన్ మారథాన్‌లో బాంబులు పేలాయి. నిందితుల మూలాలు చెచెన్యాలో ఉన్నాయని నాలుగు రోజుల తర్వాత తెలిసింది. వెంటనే సామాజిక మాధ్యమాల్లో ఎంతోమంది అమెరికన్లు చెక్ రిపబ్లిక్ మీద విరుచుకుపడ్డారు. రెండు పేర్లూ చెవికి దగ్గరగా వినిపించడమే అందుకు కారణం. చెక్ రిపబ్లిక్ మధ్య ఐరోపాలోని దేశమని, చెచెన్యా రష్యాలో భాగమని చెక్ రాయబారి పెత్ర్ గందలోవిచ్ వాషింగ్టన్‌లో ప్రకటన విడుదల చేయాల్సి వచ్చింది.

అదే వారం, 17వ తేదీన, టెక్సాస్‌లోని వెస్ట్ అనే చిన్న పట్టణంలో ఎరువుల కేంద్రం పేలి 15 మంది చనిపోయారు. చెక్ వలసదారుల సంతతి తరతరాలుగా బతుకుతున్న పట్టణమది. పండ్ల గుజ్జు నింపి కాల్చే కొలాచె రొట్టెలకు ఆ రాష్ట్రమంతటా పేరున్న ఊరు. రాయబారి అక్కడికీ వెళ్లి బాధితులను పలకరించారు.

చెక్ దేశం గురించి అమెరికాకున్న ఎరుక ఆ వారంలో రెండు రూపాల్లో బయటపడింది. ఆ దేశం ఎక్కడుందో తెలియనివాళ్లు ఒకవైపు, దాన్ని తమ వంటింట్లో నిలుపుకున్నవాళ్లు మరోవైపు. ‘అమెరికన్లకు భూగోళం తెలియదు’ అని ఒక్క మాటతో తేల్చేయడం మనకు అలవాటైంది. ఆ మాటకు ఆధారాలున్నాయి. అవి ఎంతవరకు నిలుస్తాయి, అదే కొలత మన కర్నూలు పశ్చిమ ప్రాంతానికి, అంటే ఆదోని, ఎమ్మిగనూరు, ఆస్పరి పరిసరాలకు పెడితే ఏం తేలుతుంది అన్నది ఇక్కడ చూద్దాం.

లెక్కలు చెప్పేది, చెప్పనిది

నేషనల్ జియోగ్రాఫిక్ సంస్థ కోసం రోపర్ సర్వే బృందం 2002లో తొమ్మిది దేశాల్లో 18 నుంచి 24 ఏళ్ల యువతను పరీక్షించింది. స్వీడన్ ముందు నిలిచింది. అమెరికాది చివరి నుంచి రెండో స్థానం, దాని కింద మెక్సికో ఒక్కటే. అమెరికన్ యువతలో 11 శాతం మంది ప్రపంచ పటంలో సొంత దేశాన్నే చూపలేకపోయారు. 2006లో అమెరికా వరకే మళ్లీ అడిగారు. ఇరాక్‌లో తమ సైన్యం అప్పటికి మూడేళ్లుగా పోరాడుతున్నా 63 శాతం మంది ఆ దేశాన్ని గుర్తించలేకపోయారు. సగం మందికి తమ దేశ పటంలోనే న్యూయార్క్ రాష్ట్రం దొరకలేదు. బడి పిల్లల మీద ప్రభుత్వం నడిపే జాతీయ పరీక్షలోనూ పరిస్థితి మెరుగ్గా లేదు. 2018లో ఎనిమిదో తరగతి పిల్లల్లో 25 శాతం మందే భూగోళంలో తగిన ప్రావీణ్యం చూపారు.

అయితే 2006 సర్వేలో మాట్లాడించింది 510 మందిని. అందరూ పాతికేళ్ల లోపువాళ్లే. ఆ ఫలితాన్ని ముప్పై కోట్ల మందికీ, అన్ని వయసులకూ అంటగట్టడం న్యాయం కాదు. పైగా ఇక్కడ చెప్పుకున్న ప్రశ్నల్లో ఎక్కువ భాగం ఒక చోటు పటంలో ఎక్కడుందో వేలితో చూపమనేవే. అమ్మమ్మ ఏ భాషలో దేవుడికి మొక్కేదో, పెళ్లిలో ఏ పాట పాడేవారో వాటికి పట్టదు.

అలాగని పటం జ్ఞానాన్ని తేలిగ్గా తీసేయడానికీ వీల్లేదు. 2014లో ముగ్గురు రాజనీతి శాస్త్రవేత్తలు 2,066 మంది అమెరికన్లను ఉక్రెయిన్ ఎక్కడుందో చూపమన్నారు. సరిగా చూపినవాళ్లు ఆరుగురిలో ఒక్కరే. ఎంత దూరంగా చూపితే, అక్కడ అమెరికా సైనికంగా జోక్యం చేసుకోవాలన్న కోరిక అంత ఎక్కువగా కనిపించింది. ఇది రెండు విషయాలు కలిసి కనిపించడమే తప్ప, ఒకటి రెండోదానికి కారణమని రుజువు కాదు. అయినా ఆలోచించాల్సిన ఫలితమే.

లేని దేశం పేరు రాసినవాళ్లు

చెక్ సంతతి విషయంలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచిన ఆధారం సర్వేల్లో లేదు, జనగణనలో ఉంది. 2000 నాటి అమెరికా జనగణనలో సుమారు 12.6 లక్షల మంది తమ మూలం చెక్ అని రాసుకున్నారు. మరో 4.4 లక్షల మంది చెకోస్లొవాక్ అని రాశారు. చెకోస్లొవేకియా అప్పటికే లేదు. 1993 జనవరి 1న అది రెండు దేశాలుగా విడిపోయింది.

ఇది అజ్ఞానమేనా? భూగోళం పరీక్షయితే సున్నా వేయాలి. కానీ చరిత్ర చూస్తే అంత తొందరగా వేయలేం. 19వ శతాబ్దం మధ్య నుంచి టెక్సాస్‌కు, నెబ్రాస్కాకు, అయోవాకు వెళ్లిన కుటుంబాలు బయల్దేరేనాటికి చెకోస్లొవేకియా పుట్టనే లేదు. వాళ్లు ఆస్ట్రియా సామ్రాజ్యపు ప్రజలు, బొహీమియా, మొరావియా ప్రాంతాలవాళ్లు. కొత్త దేశం 1918లో ఏర్పడింది. దాని కోసం చెక్, స్లొవాక్ వలస సంఘాలు, చెక్ నాయకుడు మసారిక్ కలిసి ఒప్పందం రాసుకున్నది అమెరికాలోనే, పిట్స్‌బర్గ్‌లో, ఆ ఏడాది మే నెలలో. కాబట్టి ఒకే కుటుంబంలో ముత్తాత కాగితాల్లో ఆస్ట్రియా, తాత నోట చెకోస్లొవేకియా, మనవడి పటంలో చెక్ రిపబ్లిక్ ఉండొచ్చు. అలాంటి కుటుంబంలో మనవడు తాత మాటే రాశాడంటే, వారసత్వం అతనికి అందినట్టే లెక్క. అతనికి అందనిది కొత్త సరిహద్దు. 1974లో అయోవాలోని సీడర్ ర్యాపిడ్స్‌లో మొదలైన మ్యూజియం నేటికీ చెక్, స్లొవాక్ రెండు పేర్లనూ కలిపే మోస్తోంది.

ఆదోని ఏ జిల్లా పుస్తకంలో ఉంది?

ఇదే చిక్కు మన ఇంటి ముందూ ఉంది. ఆదోని చరిత్ర తెలుసుకోవాలని ఎవరైనా 1886 నాటి కర్నూలు జిల్లా మాన్యువల్ తెరిస్తే, ఆదోని తాలూకాకు అందులో చోటుండదు. తెరవాల్సింది 1872లో కెల్సాల్ రాసిన బళ్లారి జిల్లా మాన్యువల్‌ని, 1904లో ఫ్రాన్సిస్ రాసిన బళ్లారి గెజిటీర్‌ని. ఆదోని, ఆలూరు తాలూకాలు అప్పట్లో బళ్లారి జిల్లావి. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆ రెండూ కర్నూలుకు, రాయదుర్గం అనంతపురానికి వచ్చాయి. బళ్లారి తాలూకా ఎటు పోవాలన్న గొడవపై జస్టిస్ మిశ్రా విచారణ జరిపాక, అది మైసూరు రాష్ట్రం (నేటి కర్ణాటక) వైపు వెళ్లింది.

గీత మారినంత మాత్రాన మనుషులు మారలేదు. హొళగుంద, హాలహర్వి, కౌతాళం వైపు ఎన్నో ఇళ్లలో నేటికీ కన్నడం వినిపిస్తుంది. ఆదోని ప్రాంతంలో కన్నడ మాధ్యమం బడులున్నాయి. ఇక్కడి పెద్దాయన ఒకరు తమది బళ్లారి జిల్లా అంటే, అది చెకోస్లొవాక్ అని రాసిన మనవడి జవాబు లాంటిదే. పరీక్షలో తప్పు, జ్ఞాపకంలో ఒప్పు.

సరిహద్దు తెలియకపోతే నష్టం కూడా ఉంది. ఆదోని, ఎమ్మిగనూరు పొలాలకు నీళ్లు తెచ్చే తుంగభద్ర దిగువ కాలువ హొసపేట దగ్గరి డ్యాంలో మొదలై, కర్ణాటకలో చాలా దూరం పారి మన జిల్లాలోకి వస్తుంది. ఆదోనిని ఆంధ్రకు ఇచ్చిన చట్టమే డ్యాం ఉన్న నేలను మైసూరుకు ఇచ్చింది. నీటి పంపిణీకి తుంగభద్ర బోర్డు ఏర్పాటూ దానిలోనిదే. చివరి ఆయకట్టుకు నీరెందుకు అందలేదని అడిగే రైతు కొడుక్కి ఈ పటం తెలిసి ఉండటం అవసరం. ఇది క్విజ్ పోటీ వ్యవహారం కాదు.

బయటివాళ్లకు తెలిసిన ఆస్పరి

కోస్తాలోనో హైదరాబాద్‌లోనో ఆస్పరి పేరెత్తితే, తెలిసినవాళ్లు చెప్పేది ఎక్కువగా రెండు సంగతులు: ధర పడిపోయి రోడ్డు మీద పారబోసిన టమాటా, ఉగాది మరునాడు కైరుప్పలలో జరిగే పిడకల సమరం. ఇది నా పరిశీలనే, కొలిచిన లెక్క కాదు. కైరుప్పలలో వీరభద్రస్వామి పక్షం, కాళికాదేవి పక్షం అని ఊరు రెండుగా చీలి పిడకలు విసురుకుంటుంది. దానికి ఆధారం దేవుడికీ దేవికీ పెళ్లి విషయంలో వచ్చిన తగువు కథ. సమరం తర్వాత కల్యాణమూ ఉంది. టీవీలో దెబ్బలు కనిపిస్తాయి, పెళ్లి కనిపించదు. హొళగుంద మండలం దేవరగట్టులో దసరా రాత్రి జరిగే కర్రల సమరానిదీ అదే గతి.

కనిపించనిది చాలా ఉంది. పత్తికొండ నుంచి గుత్తికి వెళ్లే దారిలో ఎర్రగుడి గుండ్ల మీద అశోకుడి శాసనాలున్నాయి. 1928లో అను ఘోష్ అనే భూగర్భ శాస్త్రవేత్త వాటిని గుర్తించారు. పద్నాలుగు ప్రధాన శాసనాలూ చిన్న శాసనాలూ ఒకే చోట దొరకడం అరుదు. ఆ చిన్న శాసనంలో కొన్ని పంక్తులు ఎడమ నుంచి కుడికి, కొన్ని కుడి నుంచి ఎడమకు చెక్కి ఉన్నాయి. మంత్రాలయం మఠానికి ఊరు ఇచ్చింది ఆదోనిని పాలించిన సిద్ది మసూద్ ఖాన్. ఆదోని జామియా మసీదు కట్టించిందీ ఆయనే. ఆ రెండూ ఒకే పాలకుడి పేరుతో ముడిపడి ఉన్నాయని జిల్లా పిల్లల్లో ఎంతమందికి చెబుతున్నాం? ఎమ్మిగనూరులో 1938లో మాచాని సోమప్ప స్థాపించిన చేనేత సహకార సంఘం గురించి బడి పాఠ్యపుస్తకం ఒక పేజీ కేటాయించినా ఎక్కువ కాదు.

మన దేశానికీ పటం లెక్క ఒకటుంది. గ్రామీణ విద్యపై సర్వేలు చేసే అసర్ సంస్థ 2017లో 28 జిల్లాల్లో 14 నుంచి 18 ఏళ్ల గ్రామీణ యువతను అడిగింది. భారతదేశ పటాన్ని 86 శాతం మంది గుర్తుపట్టారు. దేశ రాజధాని 64 శాతం మంది, తమ రాష్ట్రం పేరు 79 శాతం మంది చెప్పారు. పటంలో సొంత రాష్ట్రాన్ని చూపగలిగినవాళ్లు 42 శాతమే. న్యూయార్క్‌ను చూపలేని అమెరికన్ యువతను ఎత్తిచూపే ముందు ఈ 42ను పక్కన పెట్టుకోవాలి. రెండు సర్వేల పద్ధతులు వేరు కాబట్టి ఎవరు మెరుగని తేల్చలేం. ఎవరినీ వెక్కిరించే స్థితిలో లేమని మాత్రం చెప్పగలం.

ఈ అంకె కూడా పూర్తి కథ కాదు. ఆస్పరి, కోసిగి, ఆదోని పల్లెల నుంచి ఏటా సుగ్గికి వెళ్లే కుటుంబాలున్నాయి. ఖరీఫ్ పంట చేతికి రాకపోతే ఇళ్లకు తాళాలు పడతాయి. పిల్లాజెల్లాతో గుంటూరు వైపు మిరపకోతకు, పత్తితీతకు, లేదా బెంగళూరుకు పోతారు. గుంటూరును పటంలో చూపలేని తల్లికి ఏ బండి ఎక్కాలో, ఏ ఊళ్లో కూలి ఎంతో, ఏ మేస్త్రీ మాట మీద నిలబడతాడో తెలుసు. ఇది నిక్కమైన భూగోళ జ్ఞానమే. ఆమెతో వెళ్లి బడి మానేసిన పిల్లాడికి మాత్రం రెండూ సగం సగమే అందుతాయి. నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇదే.

మనకు తెలియకుండా మన ఇంట్లో

చివరగా ప్రశ్నను తిప్పి చూడాలి. చెక్ వారసత్వం గురించి మనకెంత తెలుసు? ఆదోని బజారులో తరాలుగా చెప్పులు అమ్మిన బాటా పుట్టింది 1894లో, నేటి చెక్ దేశంలోని జ్లీన్ పట్టణంలో. మన దేశంలో అది కాలు పెట్టింది 1931లో. మైసూరులో 1961 నుంచి తయారై, తర్వాత ఎజ్డీగా పేరు మారిన జావా మోటారు సైకిలు మూలం చెకోస్లొవేకియాది. హెచ్‌ఎంటీ ట్రాక్టరు 1971లో మొదలైంది అక్కడి జెటార్ కంపెనీ సహకారంతోనే. హైదరాబాద్ దగ్గర రామచంద్రాపురం బీహెచ్‌ఈఎల్ కర్మాగారం కూడా చెకోస్లొవేకియా సాయంతో వచ్చినదే. వాడిన వస్తువు తెలుసు, దాని నేల తెలియదు. వెస్ట్ పట్టణపు పక్కింటి అమెరికన్ కొలాచె తింటూ చెక్ దేశాన్ని పటంలో చూపలేకపోతే, అతనికీ మనకూ పెద్ద తేడా లేదు.

ఈ ఆధారాలన్నీ కలిపి చూస్తే నేను నిలబడగలిగే మాట ఒకటి. పటం మీద చూపలేకపోవడం నిజమైన లోపమే, దాన్ని బడి సరిదిద్దగలదు. అది వారసత్వం పోయిందనడానికి రుజువు కాదు. వారసత్వం పోతోందో లేదో తెలియాలంటే వేరే ప్రశ్నలు అడగాలి. ఆదోని, ఆస్పరి, ఎమ్మిగనూరు ఉపాధ్యాయులకు నా విన్నపం: ఈ ఏడాది తొమ్మిదో తరగతి పిల్లలను మండల పటం గీయమనండి. దిగువ కాలువ ఏ ఊళ్ల మీదుగా వస్తుందో, 1953కు ముందు తమ ఊరు ఏ జిల్లాదో, తాతముత్తాతలు ఇంట్లో ఏ భాష మాట్లాడారో, సుగ్గికి ఎక్కడికి వెళ్లారో రాయించండి. జవాబులు ఎంత తక్కువగా వచ్చినా దాచకుండా ప్రచురించండి. ఒక్కసారి ఎర్రగుడికి తీసుకెళ్లండి.