మన చదువుకు డబ్బు కట్టిందెవరు?

స్వర్ణోత్సవ సంచిక అంటే పాత ఫొటోలు, పాత పేర్లు, గురువులకు నమస్కారాలు. అవి ఈ పుటల్లో ఎలాగూ ఉంటాయి. వాటి పక్కన ఒక జమాఖర్చు కూడా ఉంటే బాగుంటుందని ఈ వ్యాసం రాస్తున్నాను. మనం చదివింది సర్కారు బడిలో. ఇంట్లోవాళ్లు కట్టిన ఫీజు నామమాత్రం. గోడలు, బెంచీలు, సుద్దముక్కలు, అన్నిటికీ మించి సార్ల, టీచర్ల జీతాలు... ఈ డబ్బంతా ఎవరి జేబులోంచి వచ్చింది?

ఈ ప్రశ్నతో ఇప్పుడు పని పడింది. పటాన్‌చెరు, ఇస్నాపూర్, పాశమైలారం కంపెనీల్లో పెద్ద ఉద్యోగాల్లో ఉన్నవాళ్లు, సొంత షెడ్డు పెట్టుకున్నవాళ్లు, గచ్చిబౌలిలో, అమెరికాలో స్థిరపడ్డవాళ్లు మనలో ఉన్నారు. నలుగురం కలిసినప్పుడు రెండు మాటలు తప్పకుండా వస్తాయి. "పన్ను కట్టేది మేము, పథకాలు తినేది వాళ్లు" అని ఒకరంటారు. "ఉన్నోళ్ల దగ్గర గట్టిగా వసూలు చేస్తే సర్కారుకు అప్పే అక్కర్లేదు" అని ఇంకొకరంటారు. మన ప్రాంతపు చరిత్ర చూస్తే రెండు మాటల్లోనూ సగమే నిజం ఉంది.

తాటిచెట్టు మీద పన్ను

1948 దాకా మన ఊళ్లు నిజాం రాజ్యంలో ఉండేవి. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్‌ను ప్రపంచంలోకెల్లా ధనవంతుడంటూ 1937లో అమెరికాలోని టైమ్ పత్రిక ముఖచిత్రంగా వేసింది. అంతటి ధనవంతుడు ఏలిన రాజ్యంలో ఖజానా నిండింది ప్రధానంగా భూమిశిస్తుతో, ఆబ్కారీతో, కరోడ్‌గిరితో. ఆబ్కారీ అంటే కల్లు, సారా మీద వచ్చే రాబడి. కరోడ్‌గిరి అంటే సరిహద్దు దాటే సరుకు మీద సుంకం. గీత కార్మికుడు తాటిచెట్టు ఎక్కాలంటే ముందు చెట్టు పన్ను చెల్లాలి. ఆ పన్ను చివరికి కల్లు ముంత ధరలో కలిసేది. అంటే దాన్ని కట్టింది పొద్దంతా నాగలి పట్టి సాయంత్రం కల్లు తాగిన మనిషి.

పైనున్నవాళ్ల సంగతి వేరు. రాజ్యంలో దాదాపు పదో వంతు భూమి సర్ఫెఖాస్, అంటే నిజాం సొంతం. దాని రాబడి నేరుగా ఆయనకే వెళ్లేది. ఇంకా పెద్ద భాగం జాగీర్దార్ల చేతిలో ఉండేది. జాగీర్ల రద్దు 1949 ఆగస్టులో గానీ జరగలేదు. 1857 తిరుగుబాటుతో ఖాళీ అయిన ఖజానా నింపుకోవడానికి బ్రిటిష్ ఇండియాలో 1860లోనే ఆదాయపు పన్ను వేశారు. హైదరాబాద్ ఆదాయపు పన్ను చట్టం మాత్రం ఫసలీ 1357 నాటిది, అంటే 1947-48 ప్రాంతం. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయం మనందరికీ గర్వకారణం. దాని ఖర్చు భరించిన ఖజానాను నింపింది మాత్రం ఎక్కువగా పల్లెలే.

వందకు మిగిలింది రెండుంబావు

స్వాతంత్ర్యం తర్వాత లెక్క తిరగరాయాలనే ప్రయత్నం నిజాయితీగానే మొదలైంది. 1953లో ఎస్టేట్ డ్యూటీ వచ్చింది. చనిపోయినవారి ఆస్తి వారసులకు చేరేటప్పుడు వేసే పన్ను అది. కేంబ్రిడ్జి ఆర్థికవేత్త నికొలస్ కాల్డార్ మన ప్రభుత్వం కోరిక మీద 1956లో ఒక నివేదిక ఇచ్చాడు. దాని ఫలితంగా సంపద పన్ను, వ్యయ పన్ను, బహుమతి పన్ను వచ్చాయి. అయితే ఈ కొత్త పన్నులన్నీ వేసి, ఆదాయపు పన్ను గరిష్ఠ రేటును 45 శాతానికి దించమని కాల్డార్ సలహా. ప్రభుత్వం కొత్త పన్నులు తీసుకుంది, రేటును అంత కిందికి దించడం మాత్రం వదిలేసింది.

1971లో 'గరీబీ హఠావో' నినాదం, ఆ ఏడాది చివర బంగ్లాదేశ్ యుద్ధం, మరుసటి ఏడాది కరువు. ఖర్చు పెరిగింది, రేట్లూ పెరిగాయి. 1973-74లో రెండు లక్షలు దాటిన ఆదాయం మీద 85 శాతం పన్ను, దానిమీద 15 శాతం సర్‌చార్జి. రెండూ కలిపితే 97.75 శాతం. ఆ పైన సంపాదించే ప్రతి వంద రూపాయల్లో చేతికి మిగిలేది రెండుంబావు. ఇలాంటిది మనదేశంలోనే జరగలేదు. 1970లలో బ్రిటన్‌లో పెట్టుబడి ఆదాయం మీద గరిష్ఠ రేటు 98 శాతం.

మరి ఖజానా నిండిందా? లేదు. రెండు లక్షలు దాటిన ఆదాయం కాగితం మీద చూపించేవాళ్లే కొద్దిమంది. జీతం బదులు బంగళా, కారు, నౌకర్ల ఖర్చు కంపెనీ పద్దులో రాసుకోవడం, ఆదాయాన్ని కుటుంబసభ్యుల పేర్ల మీద చీల్చడం, రెండో ఖాతా పుస్తకం నడపడం మామూలయ్యాయి. నల్లధనం మీద వేసిన వాంఛూ కమిటీ 1971లోనే హెచ్చరించింది. ఎగవేతకు మొదటి కారణం అతి ఎక్కువ రేట్లేనని, 75 శాతానికి దించమని చెప్పింది. 1974-75లో రేటు 77కి దిగింది. ఆ కాలంలో కేంద్రానికి అన్నిటికన్నా ఎక్కువ రాబడి తెచ్చింది ఎక్సైజ్ సుంకం. అగ్గిపెట్టె, చక్కెర, బట్ట, కిరోసిన్, బీడీ, చాయ్‌పత్తి కొన్న ప్రతివాళ్లూ దాన్ని కట్టారు. మన సంఘం పుట్టిన రోజుల్లో దేశం పైకి 97 శాతం అని చెప్పుకుంటూ లోపల అగ్గిపెట్టెల మీద బతికింది.

అదే కాలంలో మన పటాన్‌చెరు

ఆ దశాబ్దంలోనే మన దగ్గర ఇంకో కథ నడిచింది. రామచంద్రాపురంలో బీహెచ్‌ఈఎల్ అప్పటికే ఉంది. 1972లో ఇక్రిశాట్ వచ్చింది. మెదక్ జిల్లా వెనుకబడిన జిల్లాల జాబితాలో ఉండటంతో కొత్త ఫ్యాక్టరీలకు కేంద్రం పెట్టుబడి సబ్సిడీ ఇచ్చింది. ఆదాయపు పన్ను చట్టంలో 80హెచ్‌హెచ్ సెక్షన్ చేర్చి, లాభంలో ఐదో వంతును పదేళ్లపాటు పన్ను లెక్కలోంచి తీసేసింది. ఒక చేత్తో 97 శాతం రేటు చూపించిన ప్రభుత్వమే ఇంకో చేత్తో మినహాయింపు ఇచ్చింది.

ఇది తప్పని అనడం లేదు. ఆ ఫ్యాక్టరీల జీతాలతోనే మనలో చాలా ఇళ్లు నిలబడ్డాయి. కానీ వసూలు చేయకుండా వదిలేసిన పన్ను కూడా సర్కారు పెట్టిన ఖర్చే. బడ్జెట్ ప్రసంగంలో వినబడదు, అంతే. ఇంకో బాకీ కూడా మిగిలింది. నక్కవాగు వెంట ఊళ్లు పోగొట్టుకున్న పొలాలు, బావులు ఏ రాయితీ పద్దులోనూ లేవు. ఆ కాలుష్యం మీద కేసు 1990లో సుప్రీంకోర్టుకు వెళ్లింది.

రెండు రూపాయల బియ్యం, సారా ప్యాకెట్టు

1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం పథకం తెచ్చింది. తెల్ల అన్నం పండుగ వంట కావడం మానేసింది అప్పుడే. దానికి డబ్బు? ఆదాయపు పన్ను వేసే అధికారం కేంద్రానిది. రాష్ట్రం చేతిలో ఉన్నవి అమ్మకపు పన్ను, స్టాంపులు, వాహన పన్ను, ఆబ్కారీ. 'వారుణి వాహిని' పేరుతో ప్రభుత్వ సారా ఊరూరా చేరింది, ఆబ్కారీ రాబడి వందల కోట్లకు పెరిగింది. చౌక బియ్యం తెచ్చిన చెయ్యి, సారా ప్యాకెట్టు కొన్న చెయ్యి చాలాసార్లు ఒకే ఇంటివి.

ఈ లెక్కను అందరికన్నా ముందు పట్టుకున్నది ఆడవాళ్లు. నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాస్యత కేంద్రాలకు వెళ్లిన మహిళలు 1992లో సారా మీద తిరగబడ్డారు. ఉద్యమం జిల్లాలు దాటింది. 1993 అక్టోబరు 1న సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. ఖజానాలో పెద్ద గొయ్యి పడింది. అది ఎలా పూడింది? 1996లో రెండు రూపాయల బియ్యం మూడున్నర అయింది, కరెంటు చార్జీలు పెరిగాయి. 1997లో మద్యనిషేధమే సడలింది. పెద్ద ఆదాయాల మీదికి వెళ్లే దారి రాష్ట్రానికి లేదు. బరువు మళ్లీ కిందికే జారింది.

ఆ దారి ఎంత ఇరుకో మన జీతం చిట్టీలోనే కనిపిస్తుంది. రాష్ట్రం జీతాల మీద వేసే వృత్తి పన్ను ఏడాదికి 2,500 రూపాయలు దాటకూడదని రాజ్యాంగంలోనే 1988 నుంచి పరిమితి ఉంది. మన రాష్ట్రంలో నెలకు 20 వేలు దాటితే 200 రూపాయలు. పాశమైలారంలో 25 వేలు తీసుకునే ఆపరేటరూ 200 కడతాడు, నెలకు పాతిక లక్షలు తీసుకునే డైరెక్టరూ 200 కడతాడు.

రేటు తగ్గాక

తర్వాత కథ మీకు తెలిసిందే. 1985లో గరిష్ఠ రేటు 50 శాతానికి, 1997లో 30 శాతానికి దిగింది. ఎస్టేట్ డ్యూటీ 1985లో, బహుమతి పన్ను 1998లో పోయాయి. సంపద పన్నును 2015 బడ్జెట్ తీసేసింది. 2013-14లో దేశమంతటా దాని మీద వచ్చింది 1,008 కోట్లు. ఆ ఏడాది కేంద్రం ఖర్చు సుమారు 15.6 లక్షల కోట్లు. అంటే వెయ్యి రూపాయల ఖర్చుకు ఒక రూపాయి కూడా కాదు. మినహాయింపులతో చిల్లులు పడ్డ పన్ను పేరుకే సంపన్నుల మీద ఉంటుంది.

ఆదాయపు పన్ను రాబడి మాత్రం రేటు తగ్గాక పెరిగింది. 2000 దశకం రెండో సగంలో కేంద్రం ప్రత్యక్ష పన్నులు పరోక్ష పన్నులను దాటాయి. ఘనతంతా రేటు తగ్గించడానిదే అనడం సరికాదు. ఆర్థికవృద్ధి, జీతంలోనే కోత, పాన్ నంబరు, కంప్యూటర్లు కలిసి చేసిన పని అది. ఏ ఆదాయం కంటికి కనబడుతుందో దాని మీదే పన్ను వస్తుంది. ఉద్యోగి జీతం కనబడుతుంది. పెద్ద రైతు ఆదాయం, బినామీ భూమి ఇంకా కనబడటం లేదు. వ్యవసాయ ఆస్తుల మీద పన్ను వేయమని 1972లో కె.ఎన్. రాజ్ కమిటీ చెప్పినా ముందుకు సాగలేదు.

ఉన్నవాళ్లు కట్టగలరనడానికి ఉదాహరణలు లేకపోలేదు. బ్రిటన్‌లో 1909లో 70 ఏళ్లు దాటిన పేదలకు పింఛను మొదలైంది. ఆ ఖర్చుతో పాటు యుద్ధనౌకల ఖర్చుకూ లాయిడ్ జార్జ్ పెద్ద ఆదాయాల మీద, వారసత్వం మీద పన్ను పెంచాడు, అది నిలబడింది. కానీ బిడ్డ పుట్టినప్పటి నుంచి ముసలితనం దాకా చూసుకునే స్వీడన్‌ను చూస్తే, అక్కడ కొనుగోళ్ల మీద మామూలు పన్ను 25 శాతం. అందరూ కడతారు, అందరికీ అందుతుంది.

లెక్క తేలింది ఇదీ

పెద్ద ఆదాయాలు సర్కారు ఖర్చులో గట్టి భాగం మోయగలవు. మొత్తం మోయలేవు. అవి తమ భాగం మోయకపోతే మాత్రం ఆ బరువు మాయం కాదు, ఉప్పు, పప్పు, సీసా కొనే మనిషి మీదికి దిగుతుంది. 2004లో వేసిన విద్యా సుంకం కూడా అంతే. ఆదాయపు పన్ను మీదే కాకుండా సబ్బుబిళ్ల ఎక్సైజు మీదా రెండు శాతం పడింది.

కాబట్టి "పన్ను కట్టేది మేమే" అనే మిత్రులకు ఒక మనవి. మనం కడుతున్నది నిజమే, కట్టవలసిందే. కానీ మనం బెంచీ మీద కూర్చున్న రోజుల్లో మన తరఫున కట్టినవాళ్లు ఆదాయపు పన్ను ఫారం ఎన్నడూ చూడనివాళ్లు. కల్లు కాంపౌండు ముందు నిలబడ్డవాళ్లు, బీడీ కట్ట కొన్నవాళ్లు, లాంతరుకు కిరోసిన్ పోసుకున్నవాళ్లు. వాళ్ల పిల్లల్లో చాలామంది మనతో పదో తరగతి దాకా రాలేదు.

ఈ ఉత్సవంలో మన సంఘం ఇవ్వబోయే స్కాలర్‌షిప్పులను దానం అనుకోవద్దు. పాత బాకీలో ఒక వాయిదా అనుకుందాం. మిగతా వాయిదా ప్రతి మార్చి చివరా, ఏదీ దాచకుండా కట్టే పన్నులోనే ఉంది.