గొంతెత్తిన పాటల వెంట

సంగీత కచేరీలు రెండు రకాలు. గుమ్మం దగ్గర చెప్పులు విడిచి, కొంగు సర్దుకుని, దగ్గొచ్చినా మింగేసుకుని కూర్చునేవి ఒక రకం. ఇంటి నుంచి చాప, మరచెంబుతో మంచినీళ్లు, చంటివాడికి దుప్పటి పట్టుకెళ్లి, పక్కవాళ్లు ఈలలు వేస్తుంటే మనమూ చప్పట్లు చరిచి వచ్చేవి రెండో రకం. మొదటి రకమంటే నాకు గౌరవం. రెండో రకమంటే పిచ్చి. ఆ పిచ్చితోనే బుర్రకథలకూ, గజ్జెల పాటలకూ, అడవి అంచున డోళ్ల మోతకూ వెళ్లాను. "ఆడవాళ్లకెందుకే ఈ గోల?" అని అడిగినవాళ్లకు అప్పట్లో జవాబు చెప్పలేదు. ఇప్పుడు తీరిగ్గా చెబుతున్నాను.

అసలు ఈ గొంతెత్తడం మా ఖమ్మం ప్రాంతానికి కొత్తేమీ కాదు. మా నేలకొండపల్లి కంచర్ల గోపన్ననే తీసుకోండి. పాల్వంచ పరగణాకి తహసీల్దారుగా ఉండి, వసూలైన శిస్తు సొమ్ముతో భద్రాచలంలో రాముడికి గుడి కట్టించాడని గోల్కొండ ఖైదులో వేశారు. అది తానీషా కాలం, అంటే 1672 తర్వాతి మాట. ఖైదులో కూర్చున్న భక్తుడు ఏం చేశాడు? కాళ్లు పట్టుకున్నాడు సరే, నిలదీశాడు కూడా. సీతమ్మకు చేయించిన పతకానికి ఎంతయింది, తమ్ముళ్లకు చేయించిన నగలకు ఎంతయింది అని కిరాణా కొట్టు పద్దులాగా లెక్క చదివి, ఎవరి సొమ్మని ఇంత కులుకుతున్నావని సాక్షాత్తు దేవుణ్ణే అడిగాడు. తిట్టిన నోటితోనే, కోపంలో అన్నాను ఏమనుకోకు అని బతిమాలుకున్నాడు. ఈ కీర్తనలను బాలమురళిగారు పాడితే మనం కళ్లు మూసుకుని తల ఊపుతాం గానీ, మాట వరసకి ఆలోచించండి, అది చెప్పులు విడిచి వినే పాటా, చాప వేసుకుని వినే పాటా?

ఇక బుర్రకథ. పూర్వం దీన్ని జంగం కథ అనేవారు. జంగందేవర తంబురా పట్టి, బొటనవేలికి అందె తొడుక్కుని మధ్యలో నిలబడి కథ చెబుతుంటే, ఇరుపక్కలా అతని ఇల్లాళ్లు గుమ్మెట వాయిస్తూ వంత పాడేవారు. గమనించారా, ఆడవాళ్లు అప్పుడూ ఉన్నారు. అయితే పక్కన ఉన్నారు. కథ ఆయనది, "తందాన" వీళ్లది.

1943లో ప్రజానాట్యమండలి పుట్టాక ఈ పాత కళ రూపే మారిపోయింది. కథకుడు మధ్యలో, ఒక పక్క హాస్యం చెప్పే వంత, రెండో పక్క రాజకీయం చెప్పే వంత. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో 1920లో పుట్టిన షేక్ నాజర్ ఈ కళకు చక్రవర్తి. దూదేకుల ఇంట పుట్టిన ఆయన పల్నాటి యుద్ధం చెబితే జనం పౌరుషంతో ఊగిపోయేవారు, అల్లూరి సీతారామరాజు కథ చెబితే కళ్లనీళ్లు పెట్టుకునేవారు. 1986లో పద్మశ్రీ ఇచ్చారు. ఆయన జీవితకథ పుస్తకానికి పేరేమిటో తెలుసా? 'పింజారి'. నలుగురూ తిట్టుగా వాడే మాటను కిరీటంలా నెత్తిన పెట్టుకున్నాడు మహానుభావుడు.

ఆ రోజుల్లోనే ఇంకో వింత జరిగింది. మోటూరి ఉదయం అనే ఆవిడ, మరి ఇద్దరు స్త్రీలను కలుపుకుని ఆడవాళ్ల బుర్రకథ దళం కట్టింది. పక్కన నిలబడి వంత పాడిన ఆడది, నడుముకు కొంగు బిగించి నడిమధ్యకు వచ్చి తంబురా భుజాన వేసుకుంది. 1940ల నాటి మాట ఇది! పెళ్లిచూపుల్లో తప్ప ఆడపిల్ల నలుగురిలో నోరు విప్పి పాడకూడని రోజులు. అదే ప్రజానాట్యమండలిలో పాడిన, ఆడిన కొండపల్లి కోటేశ్వరమ్మ పసితనంలోనే వితంతువు. తర్వాత మళ్లీ పెళ్లి చేసుకుని, పాటలు పాడి, అజ్ఞాతవాసం చేసి, భర్తకు దూరమై, ఇద్దరు బిడ్డలనూ పోగొట్టుకుని, 2012లో 'నిర్జన వారధి' అని తన కథ రాసుకుంది. 2018లో కన్నుమూసేనాటికి దాదాపు నూరేళ్లు. ఆ పుస్తకం చదివితే తెలుస్తుంది, వేదిక మీద ఒక పాట పాడటానికి ఆడది వేదిక కింద ఎంత మూల్యం చెల్లించాలో.

అప్పట్లో మా వైపు నిజాం రాజ్యం. మధిర దాటి కొంచెం ముందుకు పోతే కృష్ణా జిల్లా, అంటే ఇంగ్లీషువాళ్ల మద్రాసు రాజధాని. గోదావరి దాటితే భద్రాచలం, అదీ మద్రాసు రాజధానే. సరిహద్దులో కరోడ్‌గిరీ నాకాలవాళ్లు సామాను విప్పించి సుంకం వసూలు చేసేవారట. మూటలో బట్టకు సుంకం వేయగలరు గానీ, నోట్లో పాటకు ఎలా వేస్తారు? ఆ పాటలు ఇటు వచ్చాయి. ఇటు నుంచి సుద్దాల హనుమంతు గొల్లసుద్దులు జనం నోళ్లలో తిరిగాయి. ఖమ్మం 1953 అక్టోబరు 1న జిల్లా అయింది. భద్రాచలం 1959లో వచ్చి మాలో కలిసింది. అధికారులు దస్త్రాలు కలపక ముందే పాటలు కలిసిపోయాయన్నమాట.

నేను చూసే కాలానికి బుర్రకథ శ్రీరామనవమి పందిళ్లలోకీ, వినాయకచవితి పందిళ్లలోకీ వచ్చేసింది. పెట్రోమాక్స్ దీపం చుట్టూ పురుగులు. ముందు పిల్లలు, ఓ పక్క మగాళ్లు, ఓ పక్క మేము. కథ బొబ్బిలి యుద్ధమే గానీ, హాస్యం వంత మాత్రం మధ్యలో మా వీధి కుళాయిలో నీళ్లెందుకు రావో అడిగేవాడు. కిరోసిన్ క్యూ గురించి అడిగేవాడు. సర్కారువారు కుటుంబ నియంత్రణను కూడా బుర్రకథగా చెప్పించారు. ముగ్గురు పిల్లల్ని ఒళ్లో పెట్టుకుని "ఇద్దరే ముద్దు" అని వింటూ, ఒకరి మొహం ఒకరం చూసుకుని నవ్వు ఆపుకోలేక చచ్చేవాళ్లం. ఆడవాళ్లందరూ ఒకేసారి, పైకి వినబడేలా నవ్వే చోటు ఊళ్లో ఇంకెక్కడుంది చెప్పండి?

ఇదంతా మా అక్క మనవరాలితో చెబితే, "అమ్మమ్మా, నువ్వు పంక్ అభిమానివి" అని తేల్చేసింది. అదేం రోగమే అన్నాను. చెవుల్లో పెట్టుకునే గొట్టాలు తీసి నాకు తగిలించింది. మొదట సామాన్లు తోముతున్న చప్పుడులా ఉంది. కాసేపటికి కాలు ఊగింది. సంగతేమిటని కనుక్కుంటే చాలా కథ ఉంది.

ముందు పుట్టింది స్కా. కరిబియన్ సముద్రంలోని జమైకా ద్వీపంలో 1950ల చివర, వాళ్లకు 1962లో స్వాతంత్ర్యం రావడానికి కాస్త ముందు. మనం తాళం వేసే దెబ్బకీ దెబ్బకీ మధ్య ఖాళీ ఉంటుంది చూడండి, సరిగ్గా అక్కడ గిటారు మీటుతారు. అందుకే కూర్చున్నవాళ్లను కూర్చోనివ్వదు. 1964లో మిల్లీ స్మాల్ అనే పదహారు పదిహేడేళ్ల జమైకా పిల్ల పాడిన పాట ఇంగ్లండునూ అమెరికానూ కూడా ఊపేసింది. బతుకుతెరువుకని ఇంగ్లండు వెళ్లిన జమైకా వాళ్లతో ఆ దరువూ వెళ్లింది.

పంక్ 1976 ప్రాంతంలో లండన్లో చెలరేగింది. ఉద్యోగాలు దొరకని కుర్రకారు, చిరిగిన బట్టలకు పిన్నీసులు గుచ్చుకుని, వచ్చిన రెండు మూడు స్వరాలతోనే కేకలు పెట్టారు. సంగీతం నేర్చుకున్నాక పాడతామని ఆగలేదు. 1976లో ఎరిక్ క్లాప్టన్ అనే పేరుమోసిన గిటారు విద్వాంసుడు కచేరీ మధ్యలో వలస వచ్చినవాళ్ల మీద నోరు పారేసుకుంటే, మండిపడినవాళ్లు జాతివివక్షకు వ్యతిరేకంగా రాక్ అని ఒక ఉద్యమమే లేవదీశారు. 1978 ఏప్రిల్ 30న లండన్లో ఊరేగింపుగా నడిచి విక్టోరియా పార్కుకు చేరిన జనం సుమారు 80 వేలు. ఆనాడు పాడినవాళ్లలో పాలీ స్టైరీన్ ఒకర్తె. తండ్రి సోమాలియా దేశస్థుడు. పళ్లకు కట్టిన తీగలు మెరుస్తుండగా గొంతు చించుకు పాడేది. పిల్లలు కంటికి కనబడాలే గానీ చెవికి వినబడకూడదని ఇంగ్లీషువాళ్లకో పాత సామెత ఉంది. ఆ సామెతను పాటలోకి లాగి ఎగతాళి చేసిందావిడ. మరుసటి ఏడాది కోవెంట్రీ ఊళ్లో నల్లవాళ్లూ తెల్లవాళ్లూ కలిసి మళ్లీ స్కా దళాలు కట్టారు. అందులో ఒక దళానికి ముందు నిలబడి పాడింది పాలిన్ బ్లాక్ అనే ఆవిడ.

చూశారా! మోటూరి ఉదయానికీ పాలీ స్టైరీన్‌కీ మధ్య సముద్రాలున్నాయి, ముప్ఫై ఏళ్లకు పైగా కాలం ఉంది. ఒకరి సంగతి ఒకరికి తెలిసే అవకాశమే లేదు. అయినా చేసిన పని ఒకటే, పక్కన నిలబడమంటే మధ్యకు రావడం.

మా దగ్గర ఆ గజ్జెల పాట 1972లో జననాట్యమండలితో ఇంకో మలుపు తిరిగింది. గోచీ పెట్టి కట్టిన పంచె, భుజాన గొంగడి, చేతిలో కర్ర, కాళ్లకు గజ్జెలు. గద్దర్ పాట మొదలెడితే మైదానం మొత్తం వంత అయ్యేది. 1990 ఫిబ్రవరిలో హైదరాబాదు నిజాం కాలేజీ మైదానానికి జనం లక్షల్లో వచ్చారని చెప్పుకుంటారు. 1997 ఏప్రిల్లో ఇంటికొచ్చి ఆయన మీద తుపాకులు పేల్చారు. బతికి, ఒంట్లో తూటాతోనే మరో పాతికేళ్లు పాడి, 2023 ఆగస్టులో పోయాడు. ఆ పాటలు చూపిన దారి అందరికీ నచ్చాలని లేదు, నాకూ అన్నీ నచ్చలేదు. బిడ్డలను పోగొట్టుకున్న తల్లులు రెండు వైపులా ఉన్నారు. కానీ తన పేరు ఎవరూ పలకని కూలి మనిషి, తన చెమట గురించి వేలమంది ముందు పాట వింటున్నప్పుడు ఆ మొహంలో వెలుగు చూశాను. దాన్ని కాదనలేను. తర్వాత అరుణోదయ విమలక్క గజ్జె కట్టి వేదిక ఎక్కితే, మా ఆడవాళ్ల వరసలో చప్పట్లు మగాళ్ల వరసను మించిపోయాయి. తెలంగాణ ఉద్యమ కాలంలో ధూంధాంలకు ఇళ్లకు తాళాలు వేసి మరీ వెళ్లారు.

ఆ పాటల్లో మాటిమాటికీ 'రేల' అని వస్తుంది. అది అడవి మాట. ఎండాకాలంలో పచ్చగా, గుత్తులు గుత్తులుగా వేలాడే పువ్వు రేలపువ్వు. కోయగూడేల్లో పండగలకూ పెళ్లిళ్లకూ ఆడవాళ్లు భుజాల మీద చేతులు వేసుకుని, ఒకరికొకరు గొలుసై, వలయంగా తిరుగుతూ రేల పాడతారు. మగవాళ్లు అడవిదున్న కొమ్ములు తలపాగాకు కట్టి, నెమలి ఈకలు పెట్టి, పెద్ద డోళ్లు వాయిస్తారు. పాడేవాళ్లు వేరు, వినేవాళ్లు వేరు అనేది అక్కడ లేదు. చూడటానికి వెళ్లిన నన్ను ఒక ముసలమ్మ చెయ్యి పట్టి గొలుసులోకి లాగింది. అడుగు తప్పితే భుజంతో నెట్టి సరిచేసింది. పట్నంలో మనం పోట్లాడి సంపాదించుకున్న పాట అక్కడి ఆడదానికి పుట్టుకతోనే ఉంది.

అయితే అక్కడ పోతున్నది వేరే ఉంది. కోయవాళ్ల వంశగాథలను తరతరాలుగా నోటితోనే మోసినవాళ్లు డోలి కోయలు. మణుగూరు దగ్గరి కూనవరంలో ఉండే సకిని రామచంద్రయ్య, సమ్మక్క సారలమ్మల కథ, పగిడిద్దరాజు కథ కోయలోనూ తెలుగులోనూ డోలు కొట్టి చెప్పేవాడు. మేడారం జాతరకు లక్షలమంది బెల్లం మోసుకెళతాం. కాకతీయుల సేనతో తలపడిన ఆ తల్లి కథను డోలు మీద పూర్తిగా చెప్పగలిగినవాళ్లు ఎందరు మిగిలారు? ఆయనకు 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024 జూన్లో కన్నుమూశాడు. ఆయన ముక్కూ మొహం ఫొటోల్లో ఉన్నాయి. ఆయన నోట్లో ఉన్నదంతా ఎవరి నోట్లోకైనా దిగిందా అన్నదే నా బెంగ. పైగా 2014లో కూనవరం, చింతూరు, వేలేరుపాడు వంటి మండలాలు పోలవరం కోసం ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. వాటిలో ఎన్నో గూడేలు ముంపు కిందకు వస్తాయి. కోయపాటలో ఫలానా వాగు, ఫలానా గుట్ట, ఫలానా వేల్పు అని పేర్లుంటాయి. ఊరు లేచిపోతే ఆ పేర్లు పాటలో ఉత్త శబ్దాలైపోతాయి.

అందుకే నా మాట వినండి. పాట వినడమూ ఒక పనే. మన చుట్టుపక్కల ఎవరైనా డోలు కట్టినా, తంబురా పట్టినా, కిటికీలోంచి చూసి ఊరుకోకండి. చాప తీసుకుని వెళ్లి ముందు కూర్చోండి, పిల్లల్నీ వెంటబెట్టుకోండి. బుర్రకథలో చదివింపులని ఉంటాయి. పదో ఇరవయ్యో ఇస్తే కథ ఆపి, ఇచ్చినవారి పేరు మైకులో చదువుతారు. మా అమ్మ కాలంలో ఫలానావారి భార్యగారు అనే చదివేవారు. మీరు మాత్రం చీటీ మీద మీ పేరు స్పష్టంగా, ఇంటిపేరుతో సహా రాసి ఇవ్వండి. వంత కాస్త గట్టిగానే చదువుతాడు. సిగ్గుపడకండి, పందిరంతా వినబడనివ్వండి.