మర్ఫా

హైదరాబాదులో ఆఫ్రికా సంతతి సిద్దీలు, యెమెన్‌లోని హద్రమౌత్ మూలాలున్న చావుష్‌లు నిలబెట్టుకున్న వాద్య నృత్యం. చర్మవాద్యాలు, లోహపు బిందె, కర్రల తాళమే దీనికి ఊపిరి. పాటకు చోటు తక్కువ. దరువు వేగం పుంజుకునే కొద్దీ నర్తకులు కత్తులో కర్రలో తిప్పుతూ వలయంగా కదులుతారు.

సిద్దీ సైనికులు కొందరు వనపర్తి సంస్థానం నుంచి నిజాం కొలువుకు చేరారు. వారి ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ దళం నివసించిన చోటే మాసబ్‌ట్యాంక్ దగ్గరి ఏసీ గార్డ్స్. చావుష్‌లకు నగరంలోని బార్కస్ ప్రాంతం కేంద్రం. 1948లో హైదరాబాదు సంస్థానం భారత్‌లో కలిశాక దళం రద్దయింది. కొలువు పోయిన కుటుంబాల్లో కొన్నింటికి పెళ్లి బరాత్‌లలో మర్ఫా వాయించడమే జీవనాధారమైంది.

ఆఫ్రికా మూలాలున్న బెర్ముడా దీవి గోంబే నృత్యంలోనూ డప్పుదే పెత్తనం. అయితే అక్కడి నర్తకులు రంగుల ముసుగులు, నెమలి ఈకల కిరీటాలు ధరించి క్రిస్మస్ మర్నాడు, కొత్త సంవత్సరం నాడు వీధుల్లోకి వస్తారు. మర్ఫాకు ముసుగు లేదు. ఇప్పుడు వివాహాలతో పాటు గణేశ్ ఊరేగింపుల్లోనూ, రాజకీయ సభల్లోనూ మర్ఫా మోగుతోంది.